అరవైలోనూ అదే దూకుడు!

అరవై దాటాక ఎవరైనా ఏం చేస్తారు? మోకాళ్లకు నూనె రాసుకుంటారు. సాయంత్రం పార్కులో నాలుగు రౌండ్లు వేస్తారు. మనవళ్లతో ఆడుకుంటారు. కొందరు మాత్రం... అరటన్ను బరువుండే గుర్రమెక్కి మీటరు ఎత్తు కర్రల మీదుగా దూకేస్తారు. అదీ ఏదో సరదాకి కాదు, స్నేహితులతో జట్టుకట్టి మరీ పోటీకి దిగుతారు!

ఆ ఆట పేరు షోజంపింగ్. మైదానంలో పదీ పన్నెండు చోట్ల రంగురంగుల కర్రలు అడ్డంగా పెడతారు. వాటిని వరుస తప్పకుండా, పడగొట్టకుండా, ఇచ్చిన సమయంలోగా గుర్రంతో దూకించాలి. ఒక కర్ర పడితే 4 పెనాల్టీలు. గుర్రం మొరాయించి ఆగిపోయినా 4. రౌతు కిందపడితే మాత్రం ఇక ఇంటికే. ఒలింపిక్స్‌లో ఈ కర్రల ఎత్తు సుమారు 1.60 మీటర్ల దాకా ఉంటుంది. అమెచ్యూర్లకు అంత అవసరం లేదు. డెబ్భై, ఎనభై సెంటీమీటర్ల నుంచే పోటీలు మొదలవుతాయి. అంతర్జాతీయ ఈక్వెస్ట్రియన్ సమాఖ్య నిబంధనల్లో వయసు పైబడిన వెటరన్లకూ, అమెచ్యూర్లకూ వేరువేరు విభాగాలే ఉన్నాయి.

నలుగురూ కలిస్తేనే...

ఈ సరదా బ్రిటన్‌లో మరీ ఎక్కువ. అక్కడ ఊరూరా ఉండే రైడింగ్ క్లబ్బులన్నీ కలిసి 1952 నుంచీ ఒకే గొడుగు కింద పనిచేస్తున్నాయి. వారమంతా ఉద్యోగం, ఇల్లు, సంసారం. సెలవు రోజున మాత్రం గుర్రాన్ని ట్రెయిలర్‌లో ఎక్కించుకుని పోటీకి పరుగు. జట్టు పోటీల్లో సాధారణంగా నలుగురు ఆడతారు. మంచి స్కోరు చేసిన ముగ్గురివే లెక్కలోకి తీసుకుంటారు. అంటే ఒకరి గుర్రం పేచీ పెట్టినా మిగిలిన ముగ్గురూ కాపు కాస్తారన్నమాట. ఇంకో విశేషం... ఈ ఆటలో ఆడా మగా తేడా లేదు. ఒలింపిక్ షోజంపింగ్‌లో మహిళలు 1956 నుంచే మగవాళ్లతో సమానంగా పోటీపడుతున్నారు.

పోటీకి ముందు రౌతులంతా కాలినడకన మైదానమంతా తిరుగుతారు. షికారుకు కాదు, లెక్కకు! పరుగులో గుర్రం ఒక్క అంగకు సుమారు 12 అడుగుల దూరం వెళ్తుంది. మనిషి అడుగు మూడడుగులు అనుకుంటే నాలుగు అడుగులు ఒక అంగ. ఒక కర్రకీ మరో కర్రకీ మధ్య ఎన్ని అంగలు పడతాయి, ఎక్కడ కళ్లెం బిగించాలి, ఎక్కడ వదలాలి అనేది అప్పుడే తేల్చుకోవాలి. కండబలం కంటే ఈ లెక్కా, ఓపికా ముఖ్యం. అందుకే వయసు మళ్లినవాళ్లూ ఇందులో నిలబడగలుగుతారు.

ముసలి గుర్రమే గురువు

కుర్ర రౌతుకు కుర్ర గుర్రం సరదా. పెద్ద వయసు రౌతుకు మాత్రం అనుభవమున్న గుర్రమే కావాలి. పదిహేనేళ్లు దాటినా ఫర్వాలేదు. వందల పోటీలు చూసిన గుర్రం తనపై ఉన్న మనిషి చిన్న పొరపాటు చేసినా సర్దుకుని దూకేస్తుంది. 'స్కూల్‌మాస్టర్' అని దానికి ముద్దుపేరు. మాస్టారి మాట విన్నట్టే దాని మాటా వినాలి మరి!

అంతా బాగానే ఉంది, పడితే? ఆ భయం ఉత్తదేం కాదు. ఇరవైల్లో విరిగిన ఎముక అతికినంత త్వరగా అరవైల్లో అతకదు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు తలకు దెబ్బ తగిలితే మరీ ప్రమాదం. అందుకే డాక్టరు సలహా, మంచి హెల్మెట్ తప్పనిసరి. జీను మీంచి మనిషి ఎగిరిపడగానే గాలితో ఉబ్బి ఛాతీకి, వెన్నుకు రక్షణనిచ్చే జాకెట్లూ వచ్చాయి. అయినా ముప్పు పూర్తిగా పోదు. బ్రిటన్‌కు చెందిన నిక్ స్కెల్టన్‌నే తీసుకోండి. 2000లో గుర్రం మీంచి పడి మెడ విరిగింది. మరుసటి ఏడాది ఆటకు వీడ్కోలు చెప్పాడు. తర్వాత డాక్టర్లు ఫర్వాలేదనడంతో 2002లో మళ్లీ జీనెక్కాడు. తుంటి మార్పిడి ఆపరేషనూ చేయించుకున్నాడు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో జట్టుతో కలిసి స్వర్ణం. 2016లో రియోలో, 58 ఏళ్ల వయసులో వ్యక్తిగత స్వర్ణం! ఆఖరి పోరులో ఆరుగురు మిగిలితే అందరికంటే ముందు దిగి, ఒక్క కర్రా పడకుండా 42.82 సెకన్లలో ముగించాడు.

ముప్ఫై ఆరేళ్ల నిరీక్షణ

కెనడా రౌతు ఇయాన్ మిల్లర్‌ది మరో కథ. 1972లో తొలి ఒలింపిక్స్ ఆడాడు. ఏళ్లు గడిచాయి, పతకం మాత్రం రాలేదు. 2008లో బీజింగ్ ఒలింపిక్స్ వచ్చేసరికి అతడికి 61. ఆ ఏడాది మార్చిలోనే క్యాన్సర్ అతడి భార్యను తీసుకెళ్లింది. హాంకాంగ్‌లో జరిగిన గుర్రాల పోటీల్లో జట్టులోని ఒకరి గుర్రం గాయపడటంతో మిగిలింది ముగ్గురే. ఒకరు తడబడినా కాపు కాసే నాలుగో మనిషి లేడు. అయినా ముగ్గురూ నిలబడ్డారు. స్వర్ణం కోసం అమెరికాతో చివరి దాకా పోరాడి రజతం తెచ్చారు. మిల్లర్‌కు అదే తొలి ఒలింపిక్ పతకం. 2012లో పదో ఒలింపిక్స్ కూడా ఆడేశాడు!

వీళ్లు వృత్తిగా స్వారీ చేసినవాళ్లు, మరి ఉద్యోగస్తుల సంగతేంటంటారా? జపాన్‌కు చెందిన హిరోషి హోకెట్సు 1964 టోక్యో ఒలింపిక్స్‌లో షోజంపింగ్ ఆడాడు. ఆ తర్వాత కంపెనీ ఉద్యోగం. రోజూ పొద్దున్నే స్వారీ చేసి ఆఫీసుకు వెళ్లేవాడు. చూపు మందగించడంతో కర్రల దూరం అంచనా కష్టమైంది. గుర్రాన్ని వదల్లేదు, ఆటను మార్చాడంతే. దూకే పని లేకుండా గుర్రాన్ని లయబద్ధంగా నడిపించే డ్రెస్సేజ్‌లోకి వెళ్లాడు. రిటైరయ్యాక పూర్తి సమయం దానికే కేటాయించి 2008లోనూ, 2012లోనూ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. లండన్‌లో దిగేనాటికి ఆయన వయసు 71!

హోకెట్సు చేసిందే క్లబ్బుల్లోని పెద్దవాళ్లూ చేస్తుంటారు. ఒంట్లో బాగాలేని ఏడాది మీటరు నుంచి ఎనభై సెంటీమీటర్లకు దిగుతారు. అదీ కుదరకపోతే ఆ సీజన్‌కు జీను దిగి, కంచె పక్కన నిలబడి స్నేహితుల గుర్రాల కళ్లెం పట్టుకుంటారు. జట్టులో వాళ్ల చోటు మాత్రం ఎక్కడికీ పోదు. ఎత్తు తగ్గించుకోవడం ఓడిపోవడం కాదని వాళ్లకు బాగా తెలుసు. కర్ర ఎంత ఎత్తున ఉన్నా, దాన్ని దాటాక వచ్చే నవ్వు ఒకటే కదా!