చదువు, ఆరోగ్య శాఖ చేతులు కలిపితే

ఆరోగ్య రంగంలో చదువు అనగానే మన పావగడ తాలూకాలో చాలామందికి తోచేది ఎం.బి.బి.ఎస్. ఒక్కటే. ఆ సీటు రాకపోతే ఇక ఆ దారి మూసుకుపోయిందని పిల్లలూ, తల్లిదండ్రులూ నిరాశపడతారు. నిజానికి ఒక ఊరి ఆరోగ్యం డాక్టరు చేతిలో మాత్రమే లేదు. ఏ జబ్బు ఎక్కడ, ఎంతమందికి, ఎందుకు వస్తోందో లెక్కగట్టి, అందుకు తగిన పథకం వేసేవాళ్లు కూడా కావాలి. ఈ పనిని విశ్వవిద్యాలయాలు, పరిశోధనా సంస్థలు, ప్రభుత్వ ఆరోగ్య శాఖ కలిసి చేస్తాయి. ఆ కలయిక ఎలా ఉంటుందో చూడటానికి దూరం పోనక్కరలేదు. మన తుమకూరు జిల్లాలోనే ఒక మంచి ఉదాహరణ ఉంది.

1960-61 నాటి సర్వే

భారత ప్రభుత్వం 1959లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్‌ల సహాయంతో బెంగళూరులో జాతీయ క్షయ సంస్థను స్థాపించింది. ఈ సంస్థ 1960-61లో తుమకూరు జిల్లాలో క్షయ వ్యాధిపై సర్వే చేసింది. బృందాలు ఊరూరా తిరిగి ఎక్స్‌రేలు తీసి, కళ్లె పరీక్షలు చేసి రోగులను గుర్తించాయి.

అప్పట్లో చాలామంది అధికారుల నమ్మకం ఒకటుండేది. పల్లెవాళ్లకు జబ్బు సంగతి తెలియదు, వాళ్లంతట వాళ్లు ఆసుపత్రికి రారు, కాబట్టి ఎక్స్‌రే బండ్లతో మనమే వెతుక్కుంటూ పోవాలి అని. ఆ మాట నిజమా కాదా అని తేల్చడానికి డాక్టర్ దేబబర్ బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ అనే ఇద్దరు పరిశోధకులు, సర్వేలో తేలిన రోగులతో మాట్లాడించి వారి అనుభవాలను సేకరించారు. జవాబు తారుమారుగా వచ్చింది. దాదాపు అందరికీ తమ ఒంట్లో ఏదో బాగాలేదని తెలుసు. సగానికి కొంచెం పైగా మంది అప్పటికే వైద్యం కోసం వెళ్లి వచ్చారు కూడా. అక్కడ చాలామందికి దగ్గు మందు సీసా ఇచ్చి పంపించారు, కళ్లె పరీక్ష చేయలేదు. లోపం రోగి తెలివిలో కాదు, ఆసుపత్రి పద్ధతిలో ఉందన్నమాట. ఈ అధ్యయనం 1963లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో అచ్చయింది.

క్షయ రోగిని శానిటోరియంలో పెట్టకుండా ఇంటి దగ్గరే మందులిచ్చినా నయమవుతుందని అంతకుముందే 1959లో మద్రాసు అధ్యయనం చూపించింది. ఇలాంటి ఫలితాల మీదనే 1962 నుండి జాతీయ క్షయ నివారణ కార్యక్రమం రూపుదిద్దుకుంది. మామూలు ప్రభుత్వ ఆసుపత్రిలోనే దగ్గుతో వచ్చినవారికి కళ్లె పరీక్ష చేసి, ఉచితంగా మందులివ్వాలన్నది దాని సారం. డాక్టర్ బెనర్జీ తరువాత ఢిల్లీలోని జవాహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో సామాజిక వైద్య కేంద్రాన్ని నెలకొల్పి, ఎందరో విద్యార్థులకు ఈ ఆలోచనను నేర్పారు.

ఈ కాలపు ఉదాహరణ

మంగళూరులోని యెనెపోయ విశ్వవిద్యాలయానికి చెందిన వైద్య కళాశాల అధ్యాపకులు, చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధనా సంస్థ, జార్ఖండ్ రాష్ట్ర క్షయ విభాగం కలిసి మరో ప్రశ్న వేసుకున్నారు. క్షయ రోగి ఇంట్లోని మిగతావారికి మంచి తిండి పెడితే వారికి జబ్బు సోకడం తగ్గుతుందా? కొన్ని కుటుంబాల్లో ఒక్కొక్కరికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. ఇవ్వని కుటుంబాలతో పోల్చి చూస్తే ఆ ఇళ్లలో కొత్తగా క్షయ రావడం సుమారు 40 శాతం తగ్గింది. ఫలితాలు 2023లో వెలువడ్డాయి. 2024 నవంబరు నుండి కేంద్ర ప్రభుత్వం రోగికి చికిత్సా కాలంలో ఇచ్చే పోషకాహార సాయాన్ని నెలకు 500 నుండి 1,000 రూపాయలకు పెంచింది.

ఎవరి వంతు ఏమిటి?

విశ్వవిద్యాలయం దగ్గర ప్రశ్న అడిగే పద్ధతి, గణాంక శాస్త్రం, ప్రయోగశాల, తీరికగా పరిశీలించే మనుషులు ఉంటారు. ఆరోగ్య శాఖ దగ్గర ఆసుపత్రులు, మందులు, ఆశా కార్యకర్తలు, రోగుల రికార్డులు, ఆదేశం జారీ చేసే అధికారం ఉంటాయి. మొదటిది లేకుంటే తప్పు ఎక్కడుందో తెలియదు. రెండవది లేకుంటే తెలిసిన తప్పును దిద్దేవారుండరు. ఇక మూడవ వంతు ప్రజలది. వివరాలు సేకరించేటప్పుడు వారి అనుమతి తీసుకోవాలి, తేలిన ఫలితాన్ని మళ్లీ ఊరికి వచ్చి చెప్పాలి. రక్తం, కళ్లె తీసుకుపోయి తిరిగి చూడని పరిశోధన ఊరికి ఉపయోగపడదు.

మన పిల్లలకు దారులు

ఎస్.ఎస్.ఎల్.సి., పి.యు.సి. తరువాత ల్యాబ్ టెక్నీషియన్ వంటి పారామెడికల్ డిప్లొమాలు, సైన్సు చదివినవారికి బి.ఎస్‌సి. నర్సింగ్, లెక్కల్లో ఆసక్తి ఉంటే గణాంక శాస్త్రం, మనుషులతో పనిచేయడం ఇష్టమైతే సమాజ కార్యంలో ఎం.ఎస్.డబ్ల్యు., డిగ్రీ తరువాత ప్రజారోగ్యంలో ఎం.పి.హెచ్. ఉన్నాయి. కోర్సుకు గుర్తింపు ఉందో లేదో చూసుకున్న తరువాతే ఫీజు కట్టండి.

మన విద్యార్థులకు ఇంకొక బలం ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. మన తాలూకాకు చాలా వైపుల ఆంధ్ర పల్లెలే. జనం పనికీ, వైద్యానికీ ఇటూ అటూ తిరుగుతుంటారు. రోగి మాట రోగి భాషలో విని, రికార్డును ఆఫీసు భాషలో రాయగలిగిన మనిషి విలువ ఇలాంటి చోట ఎక్కువ. దీన్ని చిన్నతనంగా భావించకండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఇంటి పెద్దకు జబ్బు చేస్తే ముందుగా ఆగేది పిల్లల చదువే. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే దాచిపెట్టకుండా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి కళ్లె పరీక్ష చేయించుకోండి. పరీక్షా, మందులూ ఉచితం. దగ్గు మందు సీసా మాత్రమే ఇచ్చి పంపిస్తే, "కళ్లె పరీక్ష చేయరా?" అని అడగండి. అరవై ఏళ్ల కిందట మన జిల్లా రోగులు చెప్పిన మాటల వల్లే ఆ పరీక్ష మామూలు ఆసుపత్రికి వచ్చింది. దాన్ని అడిగి చేయించుకోవడం మన హక్కు.