ఇంజనీరింగు కళాశాలలో మన పిల్లలు నేర్చుచున్నదేమి?



ఇంటర్మీడియటు పరీక్షలు ముగియగానే నల్లగొండ, మహబూబునగరు సీమలలోని పల్లెలందు ఇంటింట ఒకే ప్రశ్న పుట్టుచున్నది. పిల్లవానినిగాని పిల్లనుగాని ఇంజనీరింగునకు పంపవలెనా? పంపినచో ఏ శాఖయందు చేర్పవలెను? ఎద్దును కొనునప్పుడు పండ్లు చూచి, సుడులు చూచి, అరక కట్టి నడిపించి చూచెడి రైతు, నాలుగేండ్ల చదువును కొనునప్పుడు మాత్రము పొరుగువాని మాటనే నమ్ముచున్నాడు. ఎద్దు చెడినచో ఒక పంటకాలము నష్టము. చదువు చెడినచో తండ్రి చేసిన అప్పును, బిడ్డ వయస్సును రెండును పోవును. కావున ఆ చదువులో నేర్పునదేమో తెలిసికొనుట మనకు విధి. వార్తాప్రసారము, నెట్‌వర్కులు, మేనేజిమెంటు అను మూడు విషయములను గూర్చి ఈ వ్యాసమున విన్నవించుచున్నాము.

చదువు యొక్క కట్టుబాటు

పూర్వము ఈ ప్రాంతపు బాలుడు ఇంజనీరు కాగోరినచో హైదరాబాదునకు పోవలసియుండెను. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో స్థాపింపబడెను. దాని ఇంజనీరింగు కళాశాల 1929లో ఏర్పడెను. జవాహర్లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయము 1972లో వెలసెను. నల్లగొండలో మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయము 2007లోను, మహబూబునగరులో పాలమూరు విశ్వవిద్యాలయము 2008లోను స్థాపితములైనవి. 2016లో ఈ రెండు జిల్లాలు చీలి పలు జిల్లాలైనవి గాని, చదువునకై పిల్లలు పోవు బాటలు మారలేదు. ఈ సీమలోని ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలలలో పెక్కులు హైదరాబాదు నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమునకు అనుబంధముగా నున్నవి.

బి.టెక్. చదువు నాలుగేండ్లు, ఎనిమిది సెమిస్టర్లు. ఆ విశ్వవిద్యాలయము 2018, 2022 సంవత్సరములలో తెచ్చిన నియమావళులందు పట్టమునకు 160 క్రెడిట్లు విధింపబడినవి. వారమునకొక గంట పాఠము విన్నచో ఒక క్రెడిటు. ప్రయోగశాలలో రెండు గంటలు పనిచేసినచో ఒక క్రెడిటు. మొదటి యేట గణితము, భౌతిక రసాయన శాస్త్రములు, ఆంగ్లము, చిత్రలేఖనము, కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయుట మొదలగునవి చెప్పుదురు. శాఖావిద్య ముఖ్యముగా రెండవ యేటినుండి సాగును. ఎలక్ట్రానిక్సు శాఖవారికి వార్తాప్రసార విద్య ప్రధానము. కంప్యూటరు శాఖవారికి నెట్‌వర్కులు ప్రధానము. మేనేజిమెంటు పాఠములు ఇంచుమించు అన్ని శాఖలవారికిని కలవు.

వార్తను పంపు విద్య

మనుష్యుని కంఠధ్వని దూరము పోజాలదు. దానిని విద్యుత్తరంగముగా మార్చి నేరుగా ఆకాశమున వదలుటయు సాధ్యము కాదు. ఏలయనగా, తరంగమును వెదజల్లు స్తంభము ఆ తరంగపు పొడవులో నాలుగవ వంతైనను ఉండుట మేలు. సెకండునకు 3,000 కంపనములు గల ధ్వనిని అట్లు పంపదలచినచో 25 కిలోమీటర్ల స్తంభము కావలెను! అందుచేత ధ్వనిని వేగముగా కంపించు వేరొక తరంగముపై ఎక్కించి పంపుదురు. హైదరాబాదు ఆకాశవాణి వ్యవసాయ ప్రసంగములను మన పెద్దలు విన్న 738 కిలోహెర్ట్జుల తరంగమునకు సుమారు నూరు మీటర్ల స్తంభము చాలును. బస్తాను బండిపై నెక్కించి సంతకు పంపి, అచ్చట దింపుకొనుట వంటిదే యిది. ఎక్కించుటను మాడ్యులేషను అనియు, దింపుటను డీమాడ్యులేషను అనియు పిల్లలు నేర్చుకొందురు.

పిమ్మట అంకెల రూపమున వార్తను పంపుట నేర్పుదురు. టెలిఫోను మాటను సెకండునకు 8,000 మారులు కొలిచి, ఒక్కొక్క కొలతను ఎనిమిది గుర్తులుగా వ్రాసినచో సెకండునకు 64,000 గుర్తులగును. గుర్తు చెడిపోయినచో కనిపెట్టు ఉపాయములు కలవు. మన ఆధారు సంఖ్యలో పండ్రెండవ అంకె అట్టి కాపలా అంకెయే. మొదటి పదునొకండు అంకెలనుండి లెక్కకట్టి దానిని వేయుదురు; కావున వ్రాయువాడు ఒక అంకె తప్పు వ్రాసినచో యంత్రము పట్టుకొనును. ఏ దారికైనను ఇంత వార్తయే పోవుననెడి పరిమితి కలదని 1948లో అమెరికా శాస్త్రజ్ఞుడు క్లాడ్ షానన్ నిరూపించెను. కాలువ వెడల్పును మించి నీరు పారదని రైతునకు చెప్పనక్కరలేదు గదా.

ఈ విద్య పల్లెకు కొత్తది కాదు. 1975 ఆగష్టు మొదలు 1976 జూలై వరకు అమెరికా వారి ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజను పాఠములు పంపబడెను. అందు ఆంధ్రప్రదేశమునందలి తెలుగు పల్లెలును ఉండెను. సేద్యము, ఆరోగ్యము వాని ముఖ్య విషయములు. మరియొకవైపు, 1854నుండి ప్రజలకు అందుబాటులోనున్న తంతి వార్తా పద్ధతి 2013 జూలైలో ముగిసెను. ఒక సాధనము నేర్చి ఆగిపోవువాడు ఆ సాధనముతోనే వెనుకబడును. మూలసూత్రము నేర్చినవాడు క్రొత్త సాధనమును పట్టుకొనును.

నెట్‌వర్కు అనగానేమి?

నాగార్జునసాగరు జలము పుట్టంగండి యొద్ద ఎత్తిపోయబడి, అక్కంపల్లి జలాశయమునకు వచ్చి, అచ్చటినుండి కాలువ వెంట పానగల్లు ఉదయసముద్రమును చేరుచున్నది. నడుమ తూములు, పంపకములు గలవు. వార్తల నెట్‌వర్కు నిర్మాణమును అట్టిదే. ఒక పెద్ద వార్తను చిన్న చిన్న పొట్లములుగా కట్టి, ఒక్కొక్క పొట్లముపై చేరవలసిన చిరునామాను, వరుస సంఖ్యను వ్రాసి వదలుదురు. దారిలోని రౌటరు అను యంత్రములు చిరునామా చూచి తగిన దిక్కునకు మళ్లించును. ఒక దారి తెగినచో వేరొక దారిని పంపును. గమ్యమునందు వరుస సంఖ్యలనుబట్టి పొట్లములను కూర్చుదురు; ఏదైన తప్పిపోయినచో ఆ యొక్కదానినే మరల పంపించుకొందురు. వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ అనువారు 1974లో ప్రకటించిన ఈ కట్టుబాటు 1983 జనవరి 1వ తేదీనుండి అమెరికాలో అమలునకు వచ్చి, నేటి ఇంటర్నెట్టునకు పునాదియైనది.

నేలలో పాతిన గాజు తీగ యందు వెలుగు సెకండునకు రెండు లక్షల కిలోమీటర్ల చొప్పున పోవును. నల్లగొండనుండి హైదరాబాదు సుమారు నూరు కిలోమీటర్లనుకొన్నచో, వార్త సెకండులో రెండువేలవ వంతున చేరగలదు. గ్రామపంచాయతీలకు ఇట్టి తీగ వేయు పథకమును కేంద్ర ప్రభుత్వము 2011లో మంజూరు చేసెను. దానికే పిమ్మట భారత్‌నెట్ అని పేరు.

ఇది రైతునకు సంబంధములేని సంగతియని తలంపరాదు. భూముల రికార్డులు 2020లో ధరణియందును, 2025నుండి భూభారతియందును నెట్‌వర్కు పైననే నడచుచున్నవి. మార్కెట్టు యార్డులను కలుపు ఇ-నామ్ 2016 ఏప్రిలు 14న ఆరంభమైనది. దేశమందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములను కంప్యూటరీకరించుటకై 2022 జూనులో కేంద్ర మంత్రివర్గము 2,516 కోట్ల రూపాయల పథకము నంగీకరించెను. లెక్క పుస్తకము కార్యదర్శి బల్లమీదనుండి తీగలోనికి పోయిన దినమున, ఆ తీగ సంగతి తెలిసినవాడు ఊరిలో ఒక్కడైన లేకున్నచో, సంఘము పరుల చేతిలో కీలుబొమ్మ యగును.

నెట్‌వర్కు పాఠములలో రహస్య రక్షణయు భాగమే. బ్యాంకునుండి సెల్‌ఫోనునకు వచ్చు ఓటీపీ సంఖ్య మీ పెట్టెకు తాళపుచెవి. దానిని అడుగువాడు ఎవ్వడైనను, ఎంత మర్యాదగా అడిగినను, చెప్పరాదు.

మేనేజిమెంటు పాఠములు

యంత్రము నెరిగినవాడు ఖర్చు నెరుగకున్నచో పని నిలువదు. కావుననే ఇంజనీరింగు పిల్లలకు అర్థశాస్త్రము, జమాఖర్చులు, కార్యనిర్వహణ చెప్పుదురు. అందు ఒక పాఠమును మన లెక్కలోనే చూతము. సంఘము ఒక ట్రాక్టరును రోటవేటరును కొని అద్దెకిచ్చుచున్నదనుకొందము. పని యున్నను లేకున్నను ఏడాదికి వడ్డీ, తరుగుదల, బీమా కలిసి 1,20,000 రూపాయలనుకొందము. గంటకు అద్దె 1,200. డీజిలు, డ్రైవరు ఖర్చు 700. గంటకు మిగులునది 500. 1,20,000ను 500చే భాగింపగా 240. అనగా ఏడాదిలో 240 గంటలు పని దొరికిననే లాభనష్టములు సరియగును. ఆపైన ప్రతి గంటయు లాభము, తక్కువైనచో నష్టము. దీనినే బ్రేక్ ఈవెన్ లెక్క యందురు. ఈ లెక్క వేయకయే యంత్రములు కొన్న సంఘములు చిక్కులపాలగుట సహజము.

రెండవది, పనుల వరుసను నిర్ణయించు పద్ధతి. అమెరికా నావికాదళము 1958లో పెద్ద పనులకై దీనిని వాడెను. వరి నారు ఎదుగుటకు 25 దినములు, పొలము దమ్ము చేయుటకు 10 దినములు కావలెననుకొందము. రెండును ఏకకాలమున సాగవచ్చును. దమ్ము పదునైదు దినములు ఆలస్యముగా మొదలిడినను నాటు ఆగదు. నారు ఒక్క దినము ఆలస్యమైనచో నాటును ఒక దినము వెనుకబడును. ఏ పని ఆలస్యమైన మొత్తము ఆలస్యమగునో కనిపెట్టి, దానిపైననే కన్నుంచుట ఈ పాఠ సారము. అనుభవశాలియైన రైతు దీనిని వ్రాతలేకయే చేయును. ఇంజనీరు నూరు పనులు గల కట్టడమునకు కాగితముమీద చేయును.

ఇంకొక వార్తాప్రసారము

తీగల ద్వారా మాటలాడుట నేర్చినను, నోట మాటలాడలేనివాడు ఉద్యోగపు పరీక్షలో వెనుకబడుచున్నాడు. తెలుగు మాధ్యమమున చదివిన పల్లె పిల్లలు మొదటి యేట ఆంగ్ల పాఠములు తెలియక వెనుకబడుటయు, పరీక్షలు మిగుల్చుకొనుటయు తరచుగా జరుగుచున్నది. అది బుద్ధి లోపము కాదు, భాష కొత్త. ఈ సంగతి గ్రహించియే 2021లో అఖిల భారత సాంకేతిక విద్యామండలి తెలుగు మొదలగు దేశభాషలలో ఇంజనీరింగు బోధింప అనుమతించినది. పాఠ్యపుస్తకములును తెలుగున వచ్చినవి. ఆంగ్ల పాఠముతోపాటు తెలుగు పుస్తకమును దగ్గరనుంచుకొన్నచో విషయము త్వరగా బోధపడును. ఆంగ్ల సంభాషణకై ప్రత్యేక ప్రయోగశాల పాఠ్యక్రమములోనే కలదు. దానిని వృథాపుచ్చరాదని పిల్లలకు చెప్పుడు.

చేర్చుటకు ముందు

సీట్లలో డెబ్బది వంతులు ప్రవేశపరీక్ష ర్యాంకునుబట్టి ప్రభుత్వ కౌన్సెలింగు ద్వారా నిండును. ముప్పది వంతులు యాజమాన్యము వారివి. ప్రభుత్వ ఫీజు సాయము అందవలసిన కాలమున అందక ఆలస్యమగుటయు కలదు. కావున మొత్తము ఖర్చును ముందే లెక్కించుకొనవలెను. కళాశాలకు తండ్రి స్వయముగా పోయి ఈ క్రింది సంగతులను విచారింపవలెను.

ఒకటి: మనకు కావలసిన శాఖకు జాతీయ గుర్తింపు మండలివారి గుర్తింపు కలదా? కళాశాలకు గుర్తింపున్నదని చెప్పిన చాలదు. శాఖకున్నదా యని అడుగవలెను.

రెండు: ప్రయోగశాల తలుపు తీయించి చూడవలెను. యంత్రములపై దుమ్మున్నదో, పిల్లల చేతులున్నవో చూచిన తెలియును.

మూడు: ఆ శాఖలో గురువులెందరు? ఏటేట మారిపోవుచున్నారా?

నాలుగు: నిరుడు మొదటి యేటి పరీక్షలు అన్నియు నెగ్గినవారెందరు? ఈ ప్రశ్నను కార్యాలయమున గాక, అచ్చట చదువు మన సీమ పిల్లలను అడుగవలెను.

మంచి సీటు దొరకనిచో దిగులుపడ నక్కరలేదు. పదవ తరగతి తరువాత పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదివి, ఇసెట్ పరీక్ష వ్రాసి, బి.టెక్. రెండవ యేట చేరు దారియు కలదు. చేతిపని ముందు వచ్చుటచే ఆ దారిని వచ్చిన పిల్లలు ప్రయోగశాలలో తడబడరు.

సంఘము చేయదగినది

మూడవ, నాలుగవ యేటి విద్యార్థులు ప్రాజెక్టు పని చేయవలసియుండును. కొందరు ఎక్కడనో కొన్న ప్రాజెక్టును సమర్పించి కాలము గడుపుచున్నారు. దానికి బదులుగా మన గోదాములో తేమను కొలుచు సాధనమును, కాంటా తూకమును నేరుగా లెక్కలోనికి చేర్చు ఏర్పాటును, ఎరువుల నిల్వ లెక్కను వారిచేత చేయించినచో పిల్లలకు నిజమైన పని తెలియును; సంఘమునకు మేలు కలుగును. సభ్యుల బిడ్డలు ఎవరెవరు ఏ శాఖలో చదువుచున్నారో ఒక పట్టిక వ్రాసి కార్యదర్శి యొద్ద నుంచుట మొదటి మెట్టు. రానున్న సర్వసభ్య సమావేశమున ఈ సంగతి చర్చింపవలెనని సభ్యులకు మా మనవి.

నాలుగేండ్ల అనంతరము బిడ్డ ఇంటికి వచ్చినప్పుడు పట్టపు కాగితమును మాత్రమే చూచి సంతోషింపకుడు. "వార్త ఎట్లు పోవును? తీగ తెగిన నేమగును? మన ట్రాక్టరు ఎన్ని గంటలు నడిచిన గిట్టును?" అని మూడు ప్రశ్నలడుగుడు. తెలుగున, మనకు తెలియునట్లు చెప్పగలిగినచో, మీరు పెట్టిన సొమ్ము పండినదని నమ్మవచ్చును.