నదీజలములో లోహ విషములు

యమునా నది పొడవు 1,376 కిలోమీటర్లు. ఢిల్లీలో వజీరాబాదు మొదలు ఓఖ్లా వరకు గల 22 కిలోమీటర్ల భాగము అందు నూటికి రెండు పాళ్లయినను కాదు. అయినను నదిలో కలియు మాలిన్యములో నూటికి 70 పాళ్లకు పైగా ఇచ్చటనే చేరుచున్నది. అట్టి మురుగుకాలువలలో నజఫ్‌గఢ్ కాలువ పెద్దది.

లోహములకు పూత పూయు కర్మాగారముల నుండియు, పాత బ్యాటరీలు కరగించు చోట్ల నుండియు సీసము, కాడ్మియము, క్రోమియము, నికెలు నీటిలో కలియును. ఇవి కంటికి కనబడవు, నాలుకకు తెలియవు. నీటిని మరిగించినచో కలరా క్రిములు చచ్చును గాని లోహములు పోవు. పైగా నీరు ఆవిరియైన కొలది వాని పాలు హెచ్చును.

సీసము పసిపిల్లల మెదడు ఎదుగుదలను చెరచును. కాడ్మియము మూత్రపిండములలో ఏండ్ల తరబడి నిలిచి వానిని పాడుచేయును. జపానులో జింజూ నదీజలముతో పండిన బియ్యము తిన్నవారి ఎముకలు పెళుసై విరిగెను. అందులకు మూలము కాడ్మియమని 1968లో ఆ దేశ ప్రభుత్వము ప్రకటించెను.

ఢిల్లీ వజీరాబాదు కేంద్రము నజఫ్‌గఢ్ కాలువకు ఎగువనే నీరు తీసుకొని శుద్ధి చేయును. దిగువ తీరమున పండు కూరలు, అచ్చటి చేతిపంపుల నీరు ఎక్కువ అనుమానింపదగినవి. తీరభూములలో ఆహారపు పంటలను జాతీయ హరిత ధర్మాసనము 2015లో నిషేధించినది.

కూరలను బాగుగా కడుగవలెను. మట్టితోపాటు దానిలోని లోహమును పోవును. వేరుగుండా ఎక్కినది మాత్రము పోదు. కావున కూర ఎచ్చట పండినదో అడిగి కొనుట మేలు. పరీక్షింపని పంపునీటిని త్రాగరాదు. పిల్లలకు పాలు, రాగులు, పప్పులు తగినంత పెట్టవలెను. సున్నము, ఇనుము కొరవడిన శరీరము సీసమును ఎక్కువగా పీల్చుకొనును.