అర్థము తేలని యక్షరములు

రాచపుండు, అనఁగా క్యాన్సరు, పెక్కుమందికి వంశమునుండి సంక్రమించునది కాదు. అయినను గొన్ని కుటుంబములయందు తల్లికిని, పినతల్లికిని, కూఁతునకును వరుసగా రొమ్ముక్యాన్సరు గాని, అండాశయపు క్యాన్సరు గాని కనఁబడుచుండును. ఇట్టి కుటుంబములను బరిశోధించి, 1990 వ సంవత్సరమున అమెరికాదేశపు శాస్త్రజ్ఞురాలు మేరీ క్లేర్ కింగ్ గారు, దీనికి హేతువగు జీను 17 వ క్రోమోజోముమీఁద నున్నదని చూపిరి. బి. ఆర్. సి. ఏ. 1 అను నా జీను 1994 లోను, బి. ఆర్. సి. ఏ. 2 అనునది 1995 లోను గుర్తింపఁబడినవి. తెగిన డి. ఎన్. ఏ. పోఁగులను సరిచేయుట వీని పని. ఇవి చెడినచోఁ గణములయందు లోపములు పేరుకొని క్యాన్సరు పుట్టుట కవకాశము హెచ్చును.

జీనులు నాలుగే యక్షరములతో వ్రాసిన గ్రంథమువంటివి. నేఁడు కొంచెము రక్తముతో వానిని జదువవచ్చును. చదువుట సులభమే, అర్థము చెప్పుటయే కష్టము. ఒక దృష్టాంతమును జూతము. "చెఱువునిండ నీరున్నది" యను వాక్యమును "చెరువునిండ నీరున్నది" యని యచ్చువేసినచో నర్థము చెడదు. "చెఱకునిండ నీరున్నది" యనినచో నర్థము మాఱిపోవును. మన మెన్నఁడును వినని పద మొకటి కనఁబడెనేని, అది యచ్చుతప్పో, యే సీమవారి వాడుకమాటయో వెంటనే చెప్పఁజాలము. జీనులయందును నిట్లే.

కావున 2015 లో అమెరికాలోని వైద్య జన్యుశాస్త్రజ్ఞుల సంఘమువారు మఱియొక సంఘముతోఁ గూడి యిట్టి మార్పులను హానికరము, బహుశః హానికరము, అర్థము తేలనిది, బహుశః నిరపాయము, నిరపాయము అని యైదు తరగతులుగా విభజించిరి. "బహుశః" అని వ్రాయుటకే నూటికి 90 పాళ్లకు మించిన నిశ్చయము కావలయును. అంత సాక్ష్యము లేనిది మూఁడవ తరగతిలో నిలుచును.

సాక్ష్యము పలువిధములు. ఆరోగ్యవంతులయందును ఆ మార్పు తఱచుగా నున్నచో నది హానికరము కాకపోవచ్చును. కుటుంబములో వ్యాధి వచ్చినవారికే యుండి, రానివారికి లేకున్నచో ననుమానము బలపడును. ప్రయోగశాలయందు జీను పనిని బరీక్షించుట మఱియొక మార్గము. 2018 లో సియాటిల్ నగరపు శాస్త్రజ్ఞులు బి. ఆర్. సి. ఏ. 1 లోని యించుమించు 4,000 మార్పుల నిట్లు పరీక్షించిరి.

లోకమున నింతవఱకుఁ జేరిన జీనుల వివరములలో నధికభాగము ఐరోపా సంతతివారివి. మన సీమ మాటలు ఆ నిఘంటువునఁ గొఱవడినవి. అందుచేత మనవారికి "అర్థము తేలనిది" యను ఫలితము తఱచుగా వచ్చుచుండును. ఈ కొఱఁతను దీర్చుటకై 10,000 మంది భారతీయుల జీనులను జదివిన "జీనోమ్ ఇండియా" ప్రయత్నమున మన హైదరాబాదులోని సి. సి. ఎం. బి. సంస్థయుఁ బాలుపంచుకొన్నది.

ఇట్టి ఫలితమునకే భయపడి యవయవములను దీయించుకొన్న స్త్రీలు కలరు. తీసిన యవయవము మరల రాదు. తరువాత నర్థము తేలిన మార్పులలో నెక్కువభాగము నిరపాయములే. అట్లని యశ్రద్ధయుఁ గూడదు. కుటుంబమున వ్యాధి యున్నచో, దానినిబట్టియే వైద్యుఁడు పరీక్షలను నిర్ణయించును. ఆ మార్పు తమకును గలదా యని బంధువులు పరీక్షించుకొని తమ భవిష్యత్తును నిర్ణయించుకొనుట తగదు. కొన్ని యేండ్లకొకసారి వైద్యు నడిగి, తరగతి మాఱెనేమో తెలిసికొనవలయును.

తెలియనిదానిని దెలియదని వ్రాయుట శాస్త్రమునకు లోపము కాదు. విద్యార్థులలో నెవరైనను ముందునాళ్ల నీ యక్షరములలోఁ గొన్నిఁటికైన నర్థము కనిపెట్టుదురుగాక యని మా కోరిక.