నాలుగో కుర్చీలో యంత్రం

సంభావ్యత పాఠంలో బ్రిడ్జి అనే పేకాటలో ముక్కల పంపకాన్ని ఉదాహరణగా తీసుకుంటే, వెనక బెంచీ కుర్రాడొకడు లేచి, "సార్, ఆన్‌లైన్‌లో రోబోతో ఆడితే దానికి నలుగురి ముక్కలూ తెలిసిపోవా?" అన్నాడు. తెలియవు. సర్వరు దాని పదమూడు ముక్కలే దానికి ఇస్తుంది. డమ్మీ, అంటే ఆడేవాడి భాగస్వామి, తన చేయి బల్లమీద పరిచాక మనతోపాటే అదీ చూస్తుంది. కానీ కుర్రాడి అనుమానం ఉత్తదేం కాదు. రోబో ముక్కలు చూడదు గానీ, చూసినట్టు ఊహించుకుని ఆడుతుంది. దాని తెలివీ తిక్కా రెండూ ఆ ఊహలోనే ఉన్నాయి.

రమ్మీకి ఇద్దరున్నా చాలు. బ్రిడ్జికి నలుగురు కావాల్సిందే, ముగ్గురైతే కుదరదు. 1990లో మాథ్యూ క్లెగ్ అనే అమెరికన్ విద్యార్థి ఓకేబ్రిడ్జి తయారు చేసి, వేర్వేరు ఊళ్లలో ఉన్నవాళ్లను ఇంటర్నెట్ మీద ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. 2001లో ఫ్రెడ్ గిటెల్‌మన్ బ్రిడ్జి బేస్ ఆన్‌లైన్‌ను జనానికి ఉచితంగా తెరిచాడు. కెనడాకు చెందిన ఈయన ప్రపంచ స్థాయి ఆటగాడు కూడా. దూరం బెడద తీరింది గానీ, నలుగురి బెడద అలాగే ఉంది. ఆట మధ్యలో ఒకరికి కరెంటు పోతే మిగతా ముగ్గురూ చేతులు ముడుచుకు కూర్చోవాలి. కొత్తగా నేర్చుకునేవాడికైతే భాగస్వామి విసుక్కుంటాడన్న భయం వేరే.

బ్రిడ్జి బేస్‌లో ఆ నాలుగో కుర్చీ నింపిన రోబో పేరు జిబ్. దాన్ని కట్టినవాడు ఒరెగాన్‌కు చెందిన కంప్యూటర్ శాస్త్రవేత్త మాథ్యూ గిన్స్‌బర్గ్. ఆ రోజుల్లో బ్రిడ్జి ప్రోగ్రాములంటే పెద్ద ఆటగాళ్లకు నవ్వులాట. కరాచీలో పుట్టిన జియా మహమూద్, తాను ఎంచుకున్న జట్టును ఏ కంప్యూటరైనా ఓడిస్తే పది లక్షల పౌండ్లు ఇస్తానని 1990లో పందెం కాశాడు. జిబ్ ఆట తీరు చూశాక 1996లో ఆ పందేన్ని వెనక్కి తీసుకున్నాడు. 1998లో ఫ్రాన్స్‌లోని లీల్ నగరంలో హేమాహేమీలకు పెట్టిన ముక్కల సమస్యల పోటీలో జిబ్ పన్నెండో స్థానంలో నిలిచింది. ఆ ఏడూ, మరుసటేడూ కంప్యూటర్ బ్రిడ్జిలో ప్రపంచ విజేత కూడా అదే.

అది ఆలోచించే పద్ధతి చూడండి. మన చేయి, డమ్మీ చేయి పోగా కనబడని ముక్కలు ఇరవయ్యారు. వాటిని ఇద్దరు ప్రత్యర్థులకు పంచే తీర్లు 1,04,00,600. అన్నీ చూడటానికి సమయం చాలదు. అందుకని జిబ్ తనలో తాను మళ్లీ మళ్లీ పేక పంచుకుంటుంది. ఆటకు ముందు జరిగే వేలంలో ప్రత్యర్థులు పాడిన పాటకు పొసగని పంపకాలను పారేస్తుంది. "ఇస్పేట్లు అయిదున్నాయి" అని పాట ద్వారా చెప్పినవాడికి రెండే ఇచ్చిన పంపకం పనికిరాదు కదా. మిగిలిన ఒక్కో పంపకంలోనూ నాలుగు చేతులూ బల్లమీద బోర్లా కాక వెల్లకిలా పరిచి ఉన్నాయనుకుని, ఏ ముక్క వేస్తే ఎన్ని పట్లు (నలుగురూ తలో ముక్క వేస్తే ఒక పట్టు) వస్తాయో చివరిదాకా లెక్క తేలుస్తుంది. పంపకాలన్నీ కలిపి చూస్తే ఎక్కువ ఫలితం తెచ్చిన ముక్కనే వేస్తుంది.

ఒక్క పంపకాన్ని చివరిదాకా తేల్చడమే కొండంత పని. గిన్స్‌బర్గ్ ఉపాయం అక్కడ ఉంది. ఆసు పడే పట్టులో కింద పడింది రెండా, మూడా అన్నది ఫలితాన్ని మార్చదు. కాబట్టి చిన్న ముక్కల్లో మాత్రమే తేడా ఉన్న పరిస్థితులన్నిటినీ ఒక గుంపుగా కట్టి, గుంపు మొత్తానికి ఒక్కసారే లెక్క వేశాడు.

ఇక తిక్క సంగతి. ఇస్పేట్లలో మన చేతిలో రాజు, పది, ఒక చిన్న ముక్క ఉన్నాయి. డమ్మీలో ఆసు, జాకీ, ఇంకో చిన్న ముక్క ఉన్నాయి. రాణి ప్రత్యర్థుల్లో ఎవరి దగ్గరుందో తెలియదు. ఎడమవాడి దగ్గరుంటే ఒక వైపు నుంచి, కుడివాడి దగ్గరుంటే రెండో వైపు నుంచి ఆడి దాన్ని చిక్కించుకోవచ్చు. వైపు తప్పితే పట్టు పోయినట్టే. మనిషికిది సగం సగం జూదం. జిబ్‌కు మాత్రం జూదమే కాదు. అది ఊహించుకున్న ప్రతి పంపకంలోనూ రాణి ఎక్కడుందో ఎదురుగా కనిపిస్తుంది, కాబట్టి ప్రతిసారీ సరైన వైపే ఆడుకుంటుంది. రేపు రాణిని తప్పక పట్టేస్తానని దాని ధీమా. ఆ రేపు వచ్చేసరికి మాత్రం మనలాగే గుడ్డిగా ఎంచుకోవాలి. అందుకే ఆ సూటు ప్రత్యర్థే ఆడాల్సి వచ్చేలా ఇరికించే ఖాయమైన దారీ, రాణిని ఊహించాల్సిన దారీ పక్కపక్కన ఉంటే దానికి రెండూ సమానమే. మంచి ఆటగాడు ముందు పక్క సూట్లు ఆడి, ఎవరి దగ్గర ఎన్ని ముక్కలున్నాయో ఆరా తీస్తాడు. అన్నీ తెలుసనుకునే యంత్రానికి ఆరా తీయాలన్న కోరికే పుట్టదు.

ఇంత లోపమున్న రోబోతో బ్రిడ్జి ఎలా పాకిందంటారా? పోటీ బ్రిడ్జిలో ఒకే పంపకాన్ని వేర్వేరు బల్లల మీద ఆడించి, అదే చేతితో ఎవరు ఎక్కువ రాబట్టారో పోలుస్తారు. అందరికీ ఒకటే ప్రశ్నపత్రం లాంటిది. ఇప్పుడు ప్రతి బల్ల దగ్గరా ఒక మనిషినీ మూడు జిబ్‌లనూ కూర్చోబెడితే? భాగస్వామి ఒక్కడే, ప్రత్యర్థులూ వాళ్లే. పంపకాలు ఊహించుకోవడానికి జిబ్ వాడే యాదృచ్ఛిక సంఖ్యలు కూడా అన్ని బల్లల దగ్గరా ఒకే చోట మొదలవుతాయి. మీరూ నేనూ ఒకే ముక్క వేస్తే అదీ ఒకే జవాబిస్తుంది. దాని తిక్క అందరికీ సమానంగా తగులుతుంది. ఎవరి తీరిక వేళ వాళ్లు ఒంటరిగా ఆడుకున్నా పోటీ పోటీగానే మిగులుతుంది.

ఆ తరవాతంతా ఒప్పందాల కథ. అమెరికా బ్రిడ్జి సమాఖ్య ఏసీబీఎల్ ఈ రోబో పోటీలకు, ఆటగాడి స్థాయిని కొలిచే తన మాస్టర్ పాయింట్లు ఇచ్చింది. క్లబ్బు గుమ్మం తొక్కనివాడికి కూడా అధికారిక గుర్తింపు దొరికింది. ఆర్జీన్ అనే సొంత రోబోతో ఎదిగిన ఫన్‌బ్రిడ్జి, 2018లో బ్రిడ్జి బేస్‌తో ఒకే సంస్థ కిందికి వచ్చింది. 2020లో కరోనాకు క్లబ్బులు మూతపడితే, అదే సమాఖ్య వాటిని బ్రిడ్జి బేస్‌లో వర్చువల్ క్లబ్బులుగా తెరిపించి, ఆట రుసుములో క్లబ్బులకు వాటా ఇప్పించింది. 2022లో పారిస్‌లో నూక్ అనే కొత్త రోబో ఎనిమిది మంది ప్రపంచ విజేతలను మించింది. అయితే అక్కడ వేలం లేదు, ముక్కలాట మాత్రమే.

రోబో ఎంత గొప్పగా ఆడుతుందన్నది పరిశోధకులకు ముఖ్యం. నలుగురు కుదరని ఆటగాడికి కావాల్సింది వేరు. రోబో అందరితోనూ ఒకేలా ఆడాలి, అంతే. జిబ్ కన్నా పదునైన యంత్రాలు వచ్చాయి, ఇంకా వస్తాయి. కానీ బ్రిడ్జిని వాకిలి దాటించింది మాత్రం, రాణి ఎక్కడుందో తనకు తెలుసనుకునే ఈ అమాయకపు రోబోయే.