పందెము కొరకు పుట్టిన రెండు కార్లు

జర్మనీలో 1986లో బి.ఎం.డబ్ల్యు. సంస్థ ‘ఎం 3’ కారును నిర్మించినది ప్రధానంగా పందెము కొరకే. గ్రూప్ ‘ఎ’ పోటీలలో నిలువవలెనంటే 5000 కార్లు తయారు కావలెనన్నది నాటి నియమము. కనుకనే సుమారు 200 అశ్వశక్తుల ఆ పందెపు ఇంజను ధనికుల ఇండ్లకూ చేరినది. దానికి ప్రత్యర్థి, 1983లోనే ప్రదర్శితమైన మెర్సిడెస్ ‘190 ఇ 2.3-16’, శక్తి 185.

కీర్తి ‘ఎం 3’దే. 1987లో ప్రపంచ టూరింగ్ కార్ల విజేత రాబర్టో రవాల్యా నడిపినది దానినే. అయితే దానికి రెండే తలుపులు. వెనుక కూర్చుండవలెనన్న ముందు సీటును వంచవలెను. మెర్సిడెస్‌కు నాలుగు. ఇంటిలో వృద్ధులున్నవారికి ఆ పదిహేను అశ్వశక్తులకన్న రెండు తలుపులే విలువైనవని మేము తలుస్తాము. (మాకున్నది స్కూటరే అనుకోండి!) పందెములలోనూ మెర్సిడెస్ వెనుకబడి ఊరకుండలేదు. 2.5 లీటర్ల ఇంజనుతో, పెద్ద రెక్కతో మరల వచ్చి 1992లో జర్మన్ టూరింగ్ కార్ల పోటీని గెలుచుకొన్నది.