ఫార్మాట్ కొట్టించుటకు ముందు

విండోసునకు వలయు దిద్దుబాట్లను ప్రతినెల రెండవ మంగళవారమునాడు విడుదల చేయు ఆచారమును మైక్రోసాఫ్ట్ సంస్థ 2003 అక్టోబరునందు ఆరంభించినది. అమెరికా పశ్చిమతీరమున ఉదయము పదిగంటలగు వేళకు మనకు రాత్రి పదిన్నరయో, చలికాలమైనచో పదకొండున్నరయో అగును గనుక, ఆ దిద్దుబాట్ల మూట నంద్యాలకు వచ్చి చేరునప్పటికి పద్మావతీనగరులోని నెట్‌సెంటర్లును, ఆళ్లగడ్డ నాలుగురోడ్ల కూడలిలోని జిరాక్సు దుకాణములును తలుపులు మూసికొని యుండును. దాని ప్రభావము కానవచ్చునది బుధవారము ప్రొద్దుననే. పొలపు 1-బి పత్రము నకలు కొరకు పల్లెనుండి వచ్చిన రైతును, ఎప్‌సెట్ కౌన్సెలింగునకు కళాశాలల వరుస పెట్టుకొనవలసిన విద్యార్థినియు, బ్యాంకునకు కాగితములు తీయించుకొనవలసిన గృహిణియు వరుసకట్టి నిలిచియుండగా, "అప్‌డేట్ తిరుగుతా ఉంది పెద్దాయనా, రొంతసేపు కూర్చో" అని దుకాణపు కుర్రవాడు చెప్పును. "ఎంతసేపు నాయనా, పదకొండుకు మా ఊరి బస్సు" అని ఆయన అడుగును. ఆ కుర్రవాడు బదులు చెప్పలేడు, ఏలయన తెరమీద శాతము ముప్పదినుండి తొంబదికి ప్రాకి, యంత్రము రెండుమారులు ఆగి లేచి, తుదకు మార్పులను పూర్తిచేయలేకపోయితిమి, చేసినవానిని వెనుకకు తీసికొనుచున్నాము అను అర్థముగల వాక్యము నొకదానిని చూపి, అతనికిని ఏమియు చెప్పక, మొదటికి వచ్చినది.

ఇట్టి సమయమున మన ఊళ్లలో ప్రసిద్ధమైన చికిత్సలు రెండు. మొదటిది "ఫార్మాట్ కొట్టించు", రెండవది "ఆ అప్‌డేట్లే ఆపేసెయ్." ఈ రెండింటిలో ఏది ఎక్కువ హానికరమో నిర్ణయించుట కష్టము. ఫార్మాట్ కొట్టించినచో పాత విండోసుతోబాటు "అను" తెలుగు ఫాంట్లును, పేజ్‌మేకరులో దాచిన పెండ్లిపత్రికల నమూనాలును, ప్రింటరు డ్రైవరును, వేలిముద్ర మిషనునకు వలయు ఆర్‌డి సర్వీసును పోవును. వానినన్నిటిని తిరిగి కూర్చుటకు ఒక దినము పట్టును. ఆ మరునాడు అదే మూట మరల దిగి మరల విఫలమగుటయు కలదు, ఏలయన రోగకారణము పోలేదు. రెండవ చికిత్స ఫలితమును 2017 మే నెలలో లోకమంతయు చూచినది. వానాక్రై అను దుష్టక్రమణిక ఆ నెల 12వ తేదీన విజృంభించినప్పుడు, దానికి విరుగుడు మార్చి 14ననే విడుదలయై దాదాపు రెండుమాసములు గడచినను, ఎక్కించుకొనని యంత్రములు అసంఖ్యాకములుగా దానివాత పడినవి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవారి కంప్యూటర్లు కొన్నియు వానిలో చేరియుండెను.

దిద్దుబాట్లను మూటగట్టు పద్ధతి ఎందులకు వచ్చినదో తెలిసినగాని, అది విఫలమగు తీరు బోధపడదు. 2011 ఫిబ్రవరిలో విండోస్ 7నకు మొదటి సర్వీసు ప్యాక్ వచ్చిన పిమ్మట చిన్నచిన్న దిద్దుబాట్లు వందలకొలదిగా విడివిడిగా వెలువడినవి. కొత్తగా విండోస్ వేసిన యంత్రము వానినన్నిటిని వెదకి తెచ్చుకొనుటకు ఒక్కొక్కప్పుడు రాత్రియంతయు పట్టుచుండెను. కొందరు కొన్నిటిని ఎక్కించి కొన్నిటిని వదలివేయుటచేత, ఏ రెండు యంత్రములును ఒక్కతీరున ఉండెడివి కావు. ఈ అవస్థను తీర్చుటకై 2016 మే నెలలో, అంతకుముందు ఏప్రిల్ వరకు వచ్చిన దిద్దుబాట్లలో దాదాపు అన్నింటిని ఒక్కటిగా కూర్చి, కెబి 3125574 అను సంఖ్యతో ఒక మహాసంపుటమును ఇచ్చిరి. అయితే దానికొక నియమము గలదు: 2015 ఏప్రిల్ నాటి కెబి 3020369 ముందుగా యంత్రములో ఉండవలెను. ఆ రెండవది విండోసును దిద్దునది కాదు. దిద్దుబాట్లను ఎక్కించు యంత్రాంగమును దిద్దునది. దానిని వదలి పెద్దమూటను నేరుగా ఎక్కించబోయినవారికి, ఈ దిద్దుబాటు మీ కంప్యూటరునకు వర్తింపదు అను సమాధానము ఎదురైనది. ఈ సమాధానము సత్యమే. కాని పూర్వాంగము లోపించినదను మాటను చెప్పక, వర్తింపదని మాత్రము చెప్పుట, దరఖాస్తులో ఏ కాగితము తక్కువయో చెప్పక దానిని త్రిప్పిపంపు గుమాస్తా పద్ధతివలె నున్నది.

ఆ 2016 అక్టోబరునుండియే విండోస్ 7నకును నెలనెలకు ఒకేమూట పద్ధతి వచ్చినది. 2015 జులైలో పుట్టిన విండోస్ 10 మొదటినుండియు ఆ మార్గముననే నడచినది. ప్రతినెల మూటలోను వెనుకటి నెలల దిద్దుబాట్లన్నియు చేరియుండును గనుక, ఆరుమాసములు మూసియున్న యంత్రమునకైనను కడపటి మూట ఒక్కటియే చాలును. ఇది గొప్ప సౌకర్యము. దీనికి తగిన దోషమును కలదు: మూటలోని వేలకొలది దస్త్రములలో ఒక్కటి చోటుచేసికొనలేకపోయినను మూట మొత్తము వెనుకకు పోవును. 2021నుండి ఎక్కించు యంత్రాంగపు దిద్దుబాటును కూడ విండోస్ 10 మూటలోనే కలుపుటచేత, పూర్వాంగపు చిక్కు చాలవరకు తీరినది.

మూట విఫలమైనప్పుడు తెరమీద కనబడు సంఖ్యను మనవారు చదువరు. ఫోటో తీసి ఎవరికో పంపుదురు. సున్నయు ఎక్స్ అను అక్షరమును దాటినపిదప వచ్చు ఎనిమిది స్థానములలో మొదటి నాలుగును చూచినచో లోపము ఏ శాఖకు చెందినదో తెలియును. 8024తో మొదలైనది దిద్దుబాట్లను వెదకి తెచ్చు విభాగపుది. 800ఎఫ్‌తో మొదలైనది వానిని యంత్రములో కూర్చు విభాగపుది. 8007తో మొదలైనది విండోసు సర్వసాధారణముగా చెప్పు దోషము. ఈ మూడవ రకమున కడపటి నాలుగుస్థానములను పదహారింటి లెక్కనుండి పదింటి లెక్కకు మార్చిన చాలును. 80070070లోని 70 అనగా ఏడు పదహారులు, నూటపండ్రెండు. కమాండ్ ప్రాంప్టు తెరచి నెట్ హెల్ప్‌ఎంఎస్‌జి 112 అని ఇంగ్లీషున కొట్టినచో, డిస్కులో చోటు చాలదని యంత్రమే వాక్యరూపమున చెప్పును. 1991 ఉపయెన్నికలో ఈ నంద్యాల లోక్‌సభకు పంపిన పి.వి. నరసింహారావుగారు అరువది దాటిన వయస్సున కంప్యూటరు నేర్చి, ప్రోగ్రాములు వ్రాయగల ప్రజ్ఞను సంపాదించినవారు. ఆ ఊరి యువకులు ఎనిమిది స్థానముల సంఖ్యకు భయపడుట నాకు ఉచితముగా తోచదు.

చోటు చాలకపోవుటయే అన్నింటికంటె సామాన్యమైన కారణము. విండోస్ 10లో ఒక వెర్షనునుండి మరొకదానికి మారుటకు 64 బిట్ యంత్రమున 20 జీబీ ఖాళీ ఉండవలెనని మైక్రోసాఫ్టువారి నియమము. నెలమూటకు అంత అక్కరలేదుగాని, పెండ్లి వీడియోలతో నిండిన సి డ్రైవులో రెండు మూడు జీబీలు మిగిలియున్న దుకాణపు సిస్టము దానినైనను భరింపజాలదు. ఇచ్చట కొందరు చేయు సాహసకార్యమొకటి చెప్పవలెను. విండోస్ ఫోల్డరులో విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ అను పేర మిక్కిలి పెద్దదొకటి కనబడగా, ఇదియే చోటు తినుచున్నదని తలచి చేతితో తుడిచివేయుదురు. నిజమునకు దానిలోని దస్త్రములు పెక్కు ఇతరచోట్లనున్న దస్త్రములకే రెండవ పేర్లు. చూపునంత చోటును అది ఆక్రమింపదు. పైగా విండోసు తన్ను తాను బాగుచేసికొనుటకు వలయు మూలసామగ్రి యంతయు నందే కలదు. దానిని తుడిచిన యంత్రమున ఇక ఏ మూటయు నిలువదు. 80073712 అను సంఖ్య అట్టి సామగ్రి చెడినదనుటకు గుర్తు. చోటు కావలసినచో డిస్క్ క్లీనప్ ద్వారమున పాత దిద్దుబాట్ల శేషమును, వెనుకటి విండోస్ ప్రతిని తొలగించుటయే క్రమము. చేతినుండి చేతికి మారు పెన్‌డ్రైవుల ద్వారా వ్యాపించిన "లైట్" విండోసులకును ఇదే గతి. వేగము కొరకని ఎవరో అందులోని అంగములను ముందే ఖండించి యుంచినందున, ఆ అంగములకు దిద్దుబాటును తెచ్చిన మూట తాను దిద్దవలసినది కానక వెనుదిరుగును. ఇట్టి యంత్రమునకు అదే పెన్‌డ్రైవుతో ఎన్నిమారులు ఫార్మాట్ కొట్టినను ఏమి ప్రయోజనము?

సంఖ్యను చదువుమని చెప్పితిని; సంఖ్యయే తప్పుచెప్పిన సందర్భమును దాచుట న్యాయము కాదు. 2024 జనవరి 9వ తేదీన విండోస్ 10నకు కెబి 5034441 అను దిద్దుబాటు వచ్చినది. డిస్కునందలి సమాచారమును గూఢాక్షరములలో కాపాడు బిట్‌లాకరును, యంత్రము చెడినప్పుడు లేచు రికవరీ పరిసరము గుండా దాటిపోవు మార్గమొకటి బయటపడగా, ఆ మార్గమును మూయుటకు వచ్చినది గనుక, ఇది సి డ్రైవునకు గాక, కంటికి కానరాని రికవరీ విభాగమునకు పోవలసియుండెను. ఆ విభాగమున 250 ఎంబీ ఖాళీ కావలెను. పాత యంత్రములలో ఆ విభాగము మొత్తమే అయిదువందల ఎంబీ ప్రాంతమున నుండి, అందులో అధికభాగము ముందే నిండియుండుటచేత, దిద్దుబాటు విఫలమైనది. ఇంతవరకు వింతలేదు. వింత యేమనగా, చోటు చాలలేదని చెప్పవలసిన యంత్రము, లోపసంఖ్యలను నిర్ణయించు భాగమునందలి పొరపాటుచేత, 80070643 అని చెప్పినది. దాని అర్థము స్థాపన విఫలమైనది అని మాత్రమే. సి డ్రైవులో వంద జీబీ ఖాళీయున్నవాడు చోటును అనుమానించుట యెట్లు? లోకమున ఎందరెందరో సాఫ్ట్‌వేరును తుడిచిరి, ఫార్మాట్ కొట్టించిరి. కొత్తగా వేసిన విండోసునందును రికవరీ విభాగము ఆ చిన్నకొలతనే ఉండినచో అదే సంఖ్య మరల కనబడినది. తమవైపునుండి దీనికి తనంతతాను జరుగు పరిష్కారము రాదని మైక్రోసాఫ్టువారు కొన్ని మాసములకు చెప్పివేసిరి. రికవరీని రీఏజెంట్‌సి అను సాధనముతో తాత్కాలికముగా ఆపి, సి డ్రైవును 250 ఎంబీ కుదించి, పాత రికవరీ విభాగమును తొలగించి, మిగిలిన చోటంతయు కలిపి కొత్తదానిని చేసి, రికవరీని తిరిగి మేల్కొల్పుటయే మార్గము. ఈ విభజనకు వాడు డిస్కుపార్ట్ అను సాధనములో ఒక్క అంకె తప్పినను వేరొక విభాగము పోవును గనుక, దస్త్రములను వేరొకచోట దాచక ఈ పనికి పూనుకొనరాదు. అసలు రికవరీ విభాగమే లేని యంత్రములకు ఈ దిద్దుబాటు అక్కరలేదు. అట్టివారు కూడ దీనికై శ్రమపడిరి.

ఆళ్లగడ్డ శిల్పశాలలలో విగ్రహమునకు శిలను ఏర్చునప్పుడు, సుత్తెతో తట్టి దాని నాదమును వినుట శాస్త్రసమ్మతమైన పద్ధతి; లోపల పగులున్నచో ఉలి ఆడించుటకు ముందే తెలియును. కంప్యూటరునకును అట్టి తట్టు కలదు. మొదట యంత్రమును పూర్తిగా ఆపి తిరిగి లేపుట, వేలిముద్ర మిషనును పెన్‌డ్రైవులును ఊడదీయుట, చోటు చూచుట. పిదప డిఐఎస్‌ఎం అను సాధనమును రిస్టోర్‌హెల్త్ అను ఆజ్ఞతో అధికారిహోదాలో నడుపుట. అది మూలసామగ్రిని పరీక్షించి, చెడినదానిని మైక్రోసాఫ్టు భాండారమునుండి తెచ్చి పూరించును; తేలేకపోయినచో 800ఎఫ్081ఎఫ్ అని చెప్పును, అప్పుడు అదే వెర్షనుకు చెందిన విండోస్ ప్రతిని దానికి చూపవలెను. ఆ తరువాతనే ఎస్‌ఎఫ్‌సి స్కాన్‌నౌ అను ఆజ్ఞను నడుపుట. పలువురు ఈ వరుసను తారుమారు చేయుదురు. ఎస్‌ఎఫ్‌సి తన మరమ్మతునకు ఆ మూలసామగ్రినే వాడును గనుక, అది చెడియుండగా దీనిని నడుపుట వ్యర్థము. దిగుమతియైన మూటయే చెడినదని తోచినచో, అప్‌డేట్ సర్వీసును ఆపి, సాఫ్ట్‌వేర్‌డిస్ట్రిబ్యూషన్ అను ఫోల్డరు పేరు మార్చినచో, యంత్రము మరల తాజాగా తెచ్చుకొనును.

ఇంతటితో తీరనప్పుడు చదువవలసినది విండోస్ ఫోల్డరులోని లాగ్స్ నందున్న సిబిఎస్ అను చిట్టా. వేలకొలది పంక్తులు చూచి బెదరనక్కరలేదు. క్రిందినుండి పైకి ఎర్రర్ అను మాటను వెదకిన చాలును. 800ఎఫ్0831 అను సంఖ్య పక్కన, మానిఫెస్ట్ మిస్సింగ్ అనియు, రోలప్‌ఫిక్స్ అను పేరుతో 19041 మొదలైన బిల్డు అంకెలును కనబడినచో, ఎప్పుడో వెనుకటి మూట యొకటి సగము ఎక్కి సగము చెడినదని అర్థము. ఆ అంకెలనుబట్టి అది యే నెల మూటయో పోల్చి, అప్‌డేట్ క్యాటలాగునుండి దానిని తెచ్చి మొదట ఎక్కించినచో, కొత్తది తానే దారికివచ్చుట పెక్కుసార్లు జరుగును. విండోస్ 11 24హెచ్2 వారు క్యాటలాగునుండి చేతితో తెచ్చునప్పుడు, 2024 సెప్టెంబరు నాటి కెబి 5043080ను కూడ అదే ఫోల్డరులో ఉంచవలెను. ఆ వెర్షనునందలి తరువాతి మూటలు దానిని ఆధారముగా చేసికొని కూర్చబడినవి.

సెల్‌ఫోను హాట్‌స్పాట్‌తో నడచు దుకాణములలో ఆ నెట్‌ను మీటర్డ్ అని గుర్తించియుంచినచో, పెక్కు దిద్దుబాట్లు అసలు దిగవు; మూట రాలేదని విచారించుటకు ముందు ఆ గుర్తును చూడవలెను. కరెంటు సంగతి చెప్పనేల? యూపీఎస్ బ్యాటరీ అయిదునిమిషములు నిలువని యంత్రమున ముప్పదిశాతముకాడ పోయిన కరెంటు, చిట్టాలో కనబడు సగము మూటలకు తల్లి.

అన్నియు విఫలమైనను ఫార్మాటునకు ముందు ఒక మెట్టు మిగిలియున్నది. మైక్రోసాఫ్టువారి ఐఎస్‌ఓ ప్రతిని తెరచి, నడుచుచున్న విండోసులోనుండియే సెటప్ నడిపి, దస్త్రములను అప్లికేషన్లను ఉంచు అను ఎంపికను పట్టినచో, విండోసు మాత్రము క్రొత్తదగును, "అను" ఫాంట్లును పెండ్లిపత్రికలును పదిలముగా నుండును. యంత్రములో నున్నది అమెరికా ఇంగ్లీషు ప్రతియై, తెచ్చినది ఇంటర్నేషనల్ ఇంగ్లీషు ప్రతియైనచో ఆ ఎంపిక దొరకదు; అనేకులు ఇక్కడనే నిరాశపడి ఫార్మాటునకు దిగుదురు. ఇక ఈ మూటలు ఎన్నాళ్లు వచ్చునన్నచో, విండోస్ 10నకు సాధారణ పోషణ 2025 అక్టోబరు 14తో ముగిసినది; పొడిగింపు పథకమున నమోదైన గృహయంత్రములకు 2026 అక్టోబరు 13 వరకు భద్రతామూటలు వచ్చును; ఆ పథకమునకు 22హెచ్2 వెర్షను ఉండవలెను గనుక, ఏండ్లతరబడి అప్‌డేట్లు ఆపియుంచిన సిస్టములు మొదట ఆ వెర్షనునకు మారవలసియున్నవి.